హంపి బజారు నుంచి విఠలాలయానికి నడక దారి

హంపి బజారు నుంచి విఠలాలయానికి ఫోనులో దారి వెతికితే చాలా దూరం చూపిస్తోందా? అది కారు దారి, అందుకే కమలాపురం మీదుగా అంత చుట్టు తిప్పుతోంది. తుంగభద్ర ఒడ్డు వెంబడి నడిచి వెళ్తే సుమారు 2 కిలోమీటర్లే.

1. విరూపాక్షాలయం నుంచి బజారు వీధిలో తూర్పుగా, చివరన రాతి నంది కనిపించేదాకా నడవండి.

2. అందరూ తప్పేది ఇక్కడే. నంది దగ్గర పైకి పోయే మెట్లు ఎక్కకండి. అవి గుట్ట దాటించి అచ్యుతరాయాలయం దగ్గర దింపుతాయి (చూడదగ్గ గుడే, తిరిగి వచ్చేటప్పుడు చూడండి). నందికి కాస్త ఇవతలే ఎడమకు తిరగండి. పెద్ద బండల సందులోంచి దూరాలి. ఇది దారేనా అన్న అనుమానం వస్తుంది, అదే దారి. అవతల కోదండరామాలయం, నది.

3. ఇక నది ఎప్పుడూ మీ ఎడమ చేతి వైపే ఉండాలి. సుగ్రీవ గుహ, తులాభారం రాతి తోరణం దాటితే విఠలాలయం.

డ్యాం గేట్లు ఎత్తి నది పొంగితే ఒడ్డు దారి మునుగుతుంది. అప్పుడు మాత్రం ఆ మెట్ల దారినే వెళ్ళండి, అచ్యుతరాయాలయం నుంచి కూడా విఠలాలయానికి నడవవచ్చు.

విఠలాలయం టికెట్ పారేయకండి, అదే రోజు హంపిలోనే ఉన్న లోటస్ మహల్‌కూ పనికొస్తుంది.