ఘాట్ రోడ్డుకు ఏ ఆటోమేటిక్ కారు?

ప్రశ్న: మాది రాయగడ. మరో ఎనిమిది నెలల్లో ఉద్యోగ విరమణ చేయబోతున్నాను. ఎడమ మోకాలి నొప్పి వల్ల క్లచ్చి తొక్కడం కష్టమవుతోంది. పాత కారు అమ్మేసి, పది లక్షలకు అటూ ఇటూగా కొత్త ఆటోమేటిక్ కారు కొని, పన్నెండేళ్లయినా వాడుకోవాలని ఉంది. నెలకు రెండు సార్లు కొరాపుట్‌లోని అమ్మాయి ఇంటికి, మూడు నెలలకోసారి విశాఖపట్నంలో ఆసుపత్రికి వెళ్లివస్తుంటాం. ఏడాదికి పది వేల కిలోమీటర్లు మించదు. ఆటోమేటిక్ గేర్‌బాక్సు మన్నదని మా మెకానిక్ అంటున్నాడు. విశాఖలోని మా తమ్ముడి చిరునామా మీద ఆంధ్ర రిజిస్ట్రేషన్‌తో తీసుకోమని బంధువులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ఏ కారు అన్నది తరువాత చూద్దాం. ముందు ఏ గేర్‌బాక్సు అన్నది తేల్చుకోండి. ఆటోమేటిక్ అనే ఒక్క పేరు కింద షోరూముల్లో వేర్వేరు యంత్రాలు అమ్ముతున్నారు. మీ మెకానిక్ మాట వాటిలో కొన్నింటికి వర్తిస్తుంది, కొన్నింటికి వర్తించదు.

మీ ధరలో ఎక్కువగా కనిపించేది ఏఎంటీ. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఈ పద్ధతిలో గేర్‌బాక్సు మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. మీ కాలూ చెయ్యీ చేసే పనిని ఒక యంత్రం చేస్తుంది, అంతే. లోపల క్లచ్చి ప్లేటు అలాగే ఉంటుంది, అలాగే అరుగుతుంది. చవకగా దొరకడం, మైలేజీ తగ్గకపోవడం, అరిగిన ప్లేటును మార్చగల పనివాళ్లు చిన్న ఊళ్లలోనూ ఉండడం దీని మంచి గుణాలు. అయితే లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ వెళ్లే దారిలో, బరువెక్కిన లారీ వెనక ఎత్తు మీద అంగుళం అంగుళం కదలవలసి వచ్చినప్పుడు, బ్రేకు వదిలేసి యాక్సిలేటర్ మీదే బండిని నిలబెట్టే అలవాటున్న వారి చేతిలో ఆ ప్లేటు కాలిపోతుంది. మెకానిక్‌లు చూసే పాడైన ఆటోమేటిక్‌లలో ఇలాంటివే ఎక్కువ ఉంటాయని నా అభిప్రాయం. తప్పు యంత్రంలో కంటే నడిపే తీరులోనే ఎక్కువ ఉంది.

రెండోది సీవీటీ. ఇందులో మెట్లు మెట్లుగా గేర్లు ఉండవు. రెండు కప్పీల మధ్య ఒక ఉక్కు బెల్టు తిరుగుతూ, కప్పీల వెడల్పు మారే కొద్దీ నిష్పత్తి మారుతుంది. కుదుపు ఉండదు, ఎత్తు మీద నెమ్మదిగా పాకడానికి అనువుగా ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఒకే గొంతుతో గట్టిగా రొద చేస్తుంది. అది దాని స్వభావమే, చెడిపోయిందని భయపడనక్కరలేదు. దీని ఆయువంతా గేర్‌బాక్సు ఆయిల్‌లో ఉంది. ఆ కంపెనీ చెప్పిన ఆయిల్‌నే, పుస్తకంలో రాసిన గడువుకు మార్పించాలి. ఏ నూనె పడితే అది పోసినా, మార్చడం మానేసినా బెల్టు దెబ్బతింటుంది. అప్పుడు మరమ్మతు ఖర్చు మోయలేనంత అవుతుంది.

మూడోది టార్క్ కన్వర్టర్. ఇందులో క్లచ్చి ప్లేటుకు బదులు ఆయిల్ ద్వారా ఇంజను శక్తి గేర్‌బాక్సుకు అందుతుంది. దీర్ఘకాలపు మన్నికకు అందరూ నమ్మేది ఇదే. కానీ మీ డబ్బుకు అందడం కష్టం. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజను ఉన్న పెట్రోలు కార్లకు జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. ఈ గేర్‌బాక్సు ఉన్న బ్రెజా పొడవు నాలుగు మీటర్ల లోపే అయినా ఇంజను 1462 సీసీ కావడంతో దానిపై పన్ను 40 శాతం. రెండు క్లచ్చిలతో పనిచేసే డ్యూయల్ క్లచ్ అనే మరో రకం గురించి ఇక్కడ వివరంగా చెప్పను. ఎత్తు మీద పాకుతూ వేడెక్కే గేర్‌బాక్సును మీ దారికి నేను సూచించలేను.

మీ అవసరాన్ని బట్టి నా ఓటు సీవీటీకే. ఆయిల్ మార్చగల వర్క్‌షాపు రాయగడలో లేకపోయినా, మూడు నెలలకోసారి మీరు విశాఖ వెళుతూనే ఉన్నారు కనుక ఆసుపత్రి పనితో పాటే ఆ పనీ ముగించుకోవచ్చు. హోండా అమేజ్ సీవీటీ ఈ లెక్కకు సరిపోతుంది. అంత దూరం వెళ్లి సర్వీసు చేయించుకోవడం ఇష్టం లేకపోతే డిజైర్ ఏఎంటీ తీసుకోండి. 2024లో వచ్చిన కొత్త డిజైర్‌కు కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో వయోజన ప్రయాణికుల రక్షణకు అయిదు నక్షత్రాలు దక్కాయి. ఏది కొన్నా, కొరాపుట్ నుంచి సుంకి ఘాట్ మీదుగా సాలూరు వైపు దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచకండి. ఏఎంటీ అయితే మాన్యువల్ స్థానంలో పెట్టి గేరు తగ్గించండి. సీవీటీ అయితే, కారును బట్టి, ఎల్ లేదా ఎస్ స్థానానికి మార్చి ఇంజను పట్టుతో దిగండి. బ్యాటరీ దిగిపోతే తోసి స్టార్టు చేసే వీలు ఆటోమేటిక్‌లో ఉండదు కాబట్టి, అది నీరసించిందన్న అనుమానం రాగానే మార్చేయండి.

తమ్ముడి చిరునామా సలహాను మాత్రం పాటించకండి. వేరే రాష్ట్రపు రిజిస్ట్రేషన్ ఉన్న బండిని పన్నెండు నెలలకు మించి ఒడిశాలో ఉంచితే, మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. అందుకు ఆంధ్ర నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి, అక్కడ కట్టిన దాంట్లో మిగిలినది వెనక్కి రాబట్టుకోవడానికి తిరగాలి. పన్నెండేళ్లు మీ వాకిట్లో ఉండవలసిన కారు ఓడీ 18 నంబరుతోనే ఉండనివ్వండి.

ఒక సంగతి మీ ఉత్తరంలో లేదు, కానీ మీ మోకాలికి క్లచ్చి కంటే అదే ముఖ్యం కావచ్చు. అమేజ్, డిజైర్ రెండూ సెడాన్లు, సీట్లు కిందికి ఉంటాయి. షోరూములో అయిదారు సార్లు ఎక్కి దిగి చూడండి, మీ శ్రీమతి గారిని కూడా ఎక్కి దిగమనండి. దిగేటప్పుడు మోకాలు పట్టేస్తే ఆ రెండింటినీ వదిలేసి, సీటు ఎత్తుగా ఉండే నిస్సాన్ మాగ్నైట్ టర్బో సీవీటీని, లేదంటే టాటా పంచ్, హ్యుందాయ్ ఎక్స్‌టర్ ఏఎంటీలను చూడండి.