అమరావతి క్వాంటం కంప్యూటరూ, బావా బామ్మర్దుల పందెం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ప్రశ్నలు కావు, పంచాయితీలు. వాడిది రైటా నాది రైటా తేల్చమని. సరే, కుర్చీలో కూర్చోబెట్టారు కాబట్టి తేలుద్దాం.

ప్రశ్న: సార్, నాది బ్రాడీపేట, మా బావది మంగళగిరి. అమరావతిలో పెడతామన్న క్వాంటం కంప్యూటర్ మామూలు కంప్యూటర్ కంటే కోటి రెట్లు స్పీడని నేనంటాను, అదంతా భూముల రేట్లు పెంచడానికి చెప్పే కబుర్లు, దాంట్లో సరుకేం లేదని బావ అంటాడు. పోయిన ఆదివారం భోజనాల దగ్గర మాటా మాటా పెరిగి, మా అక్క మాకిద్దరికీ పెరుగు వెయ్యకుండా లేచెళ్ళిపోయింది. వెయ్యి రూపాయలు పందెం. ఎవరు గెలిచినట్టు? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: ఆ వెయ్యీ మీ అక్కగారికిచ్చెయ్యండి, ఇద్దరూ ఓడిపోయారు.

ముందు మీ సంగతి. కోటి రెట్లు స్పీడన్నారు, ఏ పనిలోనండీ? ఎక్సెల్ షీటు తెరవడంలోనా, జీఎస్టీ రిటర్న్ వెయ్యడంలోనా, వీడియో చూడ్డంలోనా? వీటికి మీ ఇంట్లో మూలన పడున్న పాత ల్యాప్‌టాపే దానికంటే వంద రెట్లు నయం. క్వాంటం కంప్యూటర్ అన్ని జవాబుల్నీ ఒకేసారి చూసేసి కావాల్సింది తీసిచ్చుద్దని వీడియోల్లో తెగ చెప్తుంటారు, అది సగం మాటే. క్యూబిట్ అనేది, అంటే క్వాంటం కంప్యూటర్ లెక్కకి వాడే చిన్న ముక్క, సున్నా, ఒకటి కలగలిసిన స్థితిలో ఉండగలదు, అంతవరకు నిజం, కానీ కొలిచిన క్షణాన చేతికొచ్చేది ఒక్క జవాబే, అదీ ఊరికే వదిలేస్తే లాటరీలో చీటీ తీసినట్టే. కిటుకంతా కొలవకముందే ఉంది. ఈసారి బెజవాడ వచ్చినప్పుడు బందరు కాలవలో పక్కపక్కనే రెండు రాళ్ళేసి చూడండి, రెండింటి అలలూ కలిసినచోట కొన్ని చోట్ల నీళ్ళు ఎత్తుగా లేస్తాయి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి మింగేసుకుని కదలకుండా ఉండిపోతాయి. ఇక్కడ చెయ్యాల్సిందీ అదే, తప్పు జవాబుల అలలు చచ్చిపోయి రైటు జవాబు అల పైకి లేచేట్టు లెక్కని అమర్చాలి. అలా అమర్చడం కుదిరే లెక్కలు చాలా తక్కువ. పెద్ద సంఖ్యని కారణాంకాలుగా విడగొట్టడం, మందుల్లోనో బ్యాటరీల్లోనో ఉండే అణువులు ఎలా ప్రవర్తిస్తాయో లెక్కకట్టడం, ఇలాంటివి. మిగతా వాటికి మామూలు కంప్యూటరే దిక్కు.

ఇక బావగారు. సరుకేం లేదనడానికి లేదండీ. 2025 మేలో ఐబీఎం, టీసీఎస్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చెప్పిందాని ప్రకారం అక్కడ పెట్టాల్సింది క్వాంటం సిస్టమ్ టూ అనే మిషను, దాంట్లో 156 క్యూబిట్ల హెరాన్ చిప్పు. హెరాన్ అంటే కొంగే, ఆ కంపెనీకి చిప్పులకి పిట్టల పేర్లు పెట్టే సరదా ఉంది. ఆ చిప్పుని పరమ శూన్య ఉష్ణోగ్రతకి, అంటే మైనస్ 273.15కి, డిగ్రీలో యాభయ్యో వంతు కూడా ఎడం లేనంత చల్లగా ఉంచాలి. రోహిణి కార్తెలో మా ఇంట్లో ఏసీ ఇరవై ఆరుకి రావడానికే ఆయాసపడిపోద్ది, అట్లాంటి గడ్డ మీద ఈ ఫ్రిజ్జు. అది కబుర్లతో అయ్యే పని కాదు.

ఇందులోనే ఇంకో సంగతుంది, ఇది మీ ఇద్దరికీ పనికొస్తది. 2023 డిసెంబర్లో అదే కంపెనీ 1121 క్యూబిట్లతో కాండార్ అనే పెద్ద చిప్పునీ, 133 క్యూబిట్లతో మొదటి హెరాన్‌నీ ఒకేసారి బయటపెట్టింది. ముందుకు తీసుకెళ్ళింది మాత్రం చిన్నదాన్నే. ఎందుకంటే తప్పులు తక్కువ చేసేది అదే. క్యూబిట్లకి వేడి తగిలినా, పక్క క్యూబిట్ కాస్త కదిలినా లెక్క చెడిపోద్ది, పది మంది నిదానస్తులు చేసే పని వంద మంది తాగుబోతుల్ని పెట్టినా అవ్వదు కదా. ఈ తప్పుల్ని దిద్దడానికి చాలా క్యూబిట్లు కలిపి ఒక్క నమ్మకమైన క్యూబిట్‌గా వాడాలి, ఆ దారిలో గూగుల్ 2024 డిసెంబర్లో విల్లో చిప్పుతో ఒక మెట్టెక్కింది, గుంపు పెద్దదయ్యేకొద్దీ తప్పులు తగ్గుతాయని చేసి చూపించారు. నా లెక్కలో ఈ పదేళ్ళలో అసలు వార్త అదే, పేపర్లలో మాత్రం విశ్వం వయసు, కోట్ల కోట్ల సంవత్సరాలు అంటూ ఇంకేదో వచ్చింది.

మీ పందెం లాంటిదే పెద్దవాళ్ళ మధ్య కూడా నడిచింది. 2019లో గూగుల్ వాళ్ళు 53 క్యూబిట్ల సికమోర్ చిప్పుతో 200 సెకన్లలో ఒక లెక్క చేసి, సూపర్ కంప్యూటర్‌కైతే ఇది 10,000 ఏళ్ళ పని అన్నారు. ఐబీఎం వాళ్ళు ఊరుకుంటారా, సరిగ్గా చేసుకుంటే రెండున్నర రోజులు చాలన్నారు, అయితే లెక్కగట్టి చెప్పడమే గానీ చేసి చూపించలేదు. తర్వాత 2021లో చైనా పరిశోధకులు 512 జీపీయూలు, అంటే గ్రాఫిక్స్ చిప్పులు, పెట్టి దాదాపు 15 గంటల్లో లాగించేశారు. పదివేల ఏళ్ళు కాస్తా రెండేళ్ళు తిరిగేసరికి పదిహేను గంటలైంది. అసలు ఆ లెక్క దేనికి పనికొస్తదంటే దేనికీ లేదు, చిప్పు సత్తా చూడ్డానికి పెట్టిన పరీక్ష, అంతే. ఈసారి ఎవరైనా ఇన్ని రెట్లు అన్నప్పుడు ఏ పనిలో, దేంతో పోల్చి అని అడగండి, మీ బావగారు మీ మీద గెలవాలన్నా ఆ ప్రశ్నే అడగాల్సింది.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్లో లెక్కలు చూస్తాను. క్వాంటం వస్తే బ్యాంకు తాళాలన్నీ ఊడిపోతాయంట కదా, డబ్బులు తీసి ఇంట్లో పెట్టుకోమంటున్నారు మావాళ్ళు. (ఒక గుమాస్తా)

జవాబు: ఇంట్లో పెట్టకండి, ఇంటి తాళం పగలగొట్టడానికి క్వాంటం అక్కర్లేదు.

భయానికి మూలం ఉంది. పెద్ద సంఖ్యని విడగొట్టడం కష్టం అన్నదాని మీదే ఆర్‌ఎస్‌ఏ అనే తాళం నిలబడింది, క్వాంటం మిషను దాన్ని తొందరగా విడగొట్టే పద్ధతి పీటర్ షోర్ 1994లోనే చెప్పేశాడు. చెయ్యడం దగ్గరే ఉంది తిప్పలంతా. 2001లో ఐబీఎం వాళ్ళు 7 క్యూబిట్లతో విడగొట్టిన సంఖ్య ఏంటో తెలుసా, 15. మూడు ఐదులు పదిహేను. బ్యాంకుల్లాంటి చోట వాడే సంఖ్య 617 అంకెల పొడుగుంటది. దాన్ని విరగ్గొట్టాలంటే 2 కోట్ల క్యూబిట్లు, 8 గంటలు కావాలని 2019లో గూగుల్ పరిశోధకుడొకరు లెక్కేశారు, ఆయనే 2025లో మళ్ళీ లెక్కేసి 10 లక్షల లోపు క్యూబిట్లతో వారం లోపే అవుద్దన్నారు. లెక్క కిందకి దిగుతోంది, అది మర్చిపోకూడదు, కానీ మన కొంగకి ఉన్నవి 156.

తాళాలు మార్చే పని కూడా మొదలైంది, క్వాంటంకి లొంగని మూడు పద్ధతుల్ని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ఖరారు చేసింది. అసలు కంగారు పడాల్సింది ఇవాళ ఎత్తుకెళ్ళి దాచుకుని పదేళ్ళ తర్వాత విప్పే రహస్యాల గురించి, అంటే మిలటరీ కాగితాలు, ఆసుపత్రి రికార్డులు లాంటివి. మీ ఖాతాకి వచ్చే ముప్పు కేవైసీ అప్‌డేట్ అంటూ ఫోన్ చేసి ఓటీపీ అడిగే గొంతు నుంచి. మా బాబాయికి పోయినేడాది అట్లాగే నలభై వేలు పోయాయి, ఆ దొంగ దగ్గర ఒక్క క్యూబిట్ కూడా లేదు.

ప్రశ్న: అన్నా, 2024 జులైలో విండోస్ కంప్యూటర్లు నీలం స్క్రీన్‌తో ఆగిపోయినప్పటి నుంచి మా రూమ్మేట్ విండోస్ తీసేసి లినక్స్ వేసుకో, లినక్స్ వేసుకో అని చంపుతున్నాడు. వాడి నోరు మూయించే పాయింట్ ఒకటి చెప్పు. (ఇంజనీరింగ్ స్టూడెంట్, విజయవాడ)

జవాబు: చెప్తా తమ్ముడూ, కానీ ముందు వాడికి రావాల్సింది వాడికిద్దాం. జులై 19న పడిపోయినవి దాదాపు 85 లక్షల మిషన్లని మైక్రోసాఫ్టే చెప్పింది, మన హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. తప్పు మాత్రం విండోస్ది కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన అప్‌డేట్ ఫైలుది. ఆ సాఫ్ట్‌వేర్ 20 విలువలు వస్తాయని కూర్చుంది, ఫైలు వల్ల 21వది చదవాల్సొచ్చింది, లేనిచోట చెయ్యి పెట్టింది. ఇదంతా విండోస్ నడిమధ్య ఉండే కెర్నల్‌లో, అంటే ఇంటి దూలంలో జరిగింది కాబట్టి ఇల్లే కూలింది. అప్‌డేట్‌ని ముందు కొన్ని మిషన్లకి పంపి చూసుకునుంటే పోయేది, ఒక్కసారే అందరికీ వదిలారు. నాకు కోపమొచ్చేది ఇక్కడే.

ఇప్పుడు నీ పాయింటు. అదే ఏడాది మార్చిలో లినక్స్‌లో వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న టూల్‌లో ఎవరో రెండేళ్ళకి పైగా మంచిపిల్లాడిలా పనిచేసి, నమ్మకం సంపాదించి, దొంగదారి పెట్టేశారు. అది లోకమంతా పాకేదే. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ అవ్వడానికి అర సెకను ఎక్కువ పడుతోందేంటబ్బా అని తవ్వితే బయటపడింది. ఆయన ఉద్యోగం ఎక్కడో తెలుసా? మైక్రోసాఫ్ట్‌లో. మీ రూమ్మేట్‌కి ఇది చెప్పి మొహం చూడు. అయితే కోడ్ అందరికీ తెరిచి ఉంది కాబట్టే ఆయన తవ్వగలిగాడని వాడు తిప్పి కొడతాడు, దానికి నా దగ్గర జవాబు లేదు, వాడిదే రైటు.

ప్రశ్న: 2038లో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయంటున్నారు, 2000 సంవత్సరం రాగానే తేదీలు తారుమారవుతాయని భయపెట్టిన వైటూకే లాగా ఇదీ ఉత్తదేనా? (తెనాలి నుంచి ఒక టీచరు)

జవాబు: వైటూకే ఉత్తది కాదు మేడమ్. జనం ముందే కూర్చుని కోడ్ దిద్దారు కాబట్టి ఏమీ కాలేదు, మన వైపు ఎంతమంది కుర్రాళ్ళు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకుని ఆ పని మీదే విమానం ఎక్కారో మీకు తెలిసే ఉంటది. 2038ది వేరే లెక్క. చాలా సిస్టమ్స్ 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడతాయి, 32 బిట్ల డబ్బాలో 214,74,83,647 దాటి పట్టదు. మన టైము ప్రకారం 2038 జనవరి 19, మంగళవారం పొద్దున 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి అది నిండుతుంది, ఆ తర్వాతి సెకను పాత మిషన్లకి 1901 డిసెంబర్ అయిపోద్ది. ఇప్పటి ఫోన్లూ ల్యాప్‌టాపులూ 64 బిట్లవి, వాటికి ఢోకా లేదు. గోడకి బిగించి మర్చిపోయిన పాత పెట్టెలు, ఎక్కడో ఫ్యాక్టరీలో తిరిగే కంట్రోలర్లు, వాటిని చూసుకోవాలి.

ప్రశ్న: ఆండ్రాయిడా, ఐఫోనా? ఒక్క మాటలో చెప్పండి. (పటమట నుంచి)

జవాబు: చెప్పను. పోయినసారి చెప్పినందుకు నలభై ఉత్తరాలొచ్చాయి, అందులో రెండు మా ఆవిడవే.