బకెట్టా, గాజు సీసానా, మట్టి కుండా? పులియబెట్టే పాత్రల మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత్రల గురించే. ఎంత ఈస్ట్ వెయ్యాలి, ఎన్ని రోజులుంచాలి అని కాకుండా దేంట్లో పెట్టాలి అని అడిగారు. నాకు చాలా సంతోషం వేసింది, ఎందుకంటే పులియబెట్టే పని పాడయ్యేది ఎక్కువగా అక్కడే. అందుకే నాలుగు ఉత్తరాలు తీసుకుని కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: అన్నా, నేనూ మా రూమ్మేటూ ఇంట్లో బీరు చెయ్యడం మొదలుపెడదామనుకుంటున్నాం. కిట్‌లో తెల్ల ప్లాస్టిక్ బకెట్ వచ్చింది కానీ అందరూ గాజుదే కొనమంటున్నారు. మా దగ్గర ఖాళీ అయిన పచ్చడి బకెట్ ఒకటి, 5 గ్యాలన్ల మంచినీళ్ల క్యాన్ ఒకటి ఉన్నాయి. వాటితో పనవుతుందా? (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: తమ్ముడూ, కిట్‌లో వచ్చిన బకెట్‌తోనే మొదలుపెట్టు. గాజు గురించి తర్వాత చెప్తాను.

పచ్చడి బకెట్ మాత్రం వద్దు. ప్లాస్టిక్ వాసన పీల్చుకుంటుంది. నువ్వు ఎన్నిసార్లు కడిగినా, ఎండలో పెట్టినా, మూత తియ్యగానే ఇంగువ, వెల్లుల్లి వాసన వస్తూనే ఉంటుంది, రెండు వారాలు అందులో ఉన్న బీరు ఆ వాసనంతా పట్టుకుంటుంది. ఇక హార్డ్‌వేర్ షాపుల్లో పెయింట్ కోసం అమ్మే బకెట్లు. అడుగున త్రికోణంలో 2 అని ఉంది కదా, మంచి ప్లాస్టిక్కే కదా అని చాలామంది కొనేస్తారు. ఆ అంకె ఏ రకం ప్లాస్టిక్కో చెప్తుందే గానీ తిండికి పనికొస్తుందని చెప్పదు. గ్లాసూ ఫోర్కూ బొమ్మ ఉందో లేదో, ఫుడ్ గ్రేడ్ అని రాశారో లేదో చూసుకో.

నీళ్ల క్యాన్ అడుగున 1 అని ఉంటే పెట్ ప్లాస్టిక్, దాన్ని వాడొచ్చు. 7 అని ఉంటే పాలికార్బొనేట్ కావచ్చు, నేనైతే వాడను. పనికొచ్చే క్యానే అయినా అందులో 5 గ్యాలన్లు నింపకు. 5 గ్యాలన్లంటే దాదాపు 19 లీటర్లు, క్యాన్ గొంతు దాకా వచ్చేస్తుంది, నురగకి చోటేదీ? కిట్ బకెట్ ఆరున్నర గ్యాలన్లు ఎందుకుంటుందంటే అందుకే. క్యాన్‌లో పెడితే 15 లీటర్లతో ఆపు.

ఈ నురగ సంగతి నేను అనుభవించి నేర్చుకున్నాను. మొదట్లో ఒకసారి గోధుమ బీరు పెట్టి, బకెట్ నిండుగా పోసి, మూత గట్టిగా నొక్కి పడుకున్నాను. తెల్లారుజామున ఠాప్‌మని చప్పుడు. వెళ్లి చూస్తే మూత క్లోజెట్ అవతలి గోడ దగ్గర పడి ఉంది, సీలింగంతా గోధుమరంగు నురగ, వేలాడదీసిన చొక్కాల మీద హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు) తుక్కు. జరిగిందేంటంటే నురగ పైకొచ్చి మూత కన్నంలో ఉన్న ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ని బయటికి వదిలి, బయటి గాలిని ఆపే చిన్న నీళ్ల గొట్టం) చేరింది, తుక్కు అడ్డం పడి ఆ సన్నని దారి మూసుకుపోయింది. మామూలు బీరు 19 లీటర్లు పులిసేసరికి దగ్గర దగ్గర 400 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, దానికి బయటికెళ్లే దారి లేకపోతే మూత ఎగరక ఏమవుతుంది. అప్పట్నుంచి మొదటి మూడు రోజులు ఎయిర్‌లాక్ పెట్టను, లావాటి గొట్టం ఒకటి మూత కన్నంలో దూర్చి రెండో కొస శానిటైజర్ (పాత్రల్లో క్రిములు చంపే మందు, చేతులకి రాసుకునేది కాదు) కలిపిన నీళ్ల సీసాలో ముంచి పెడతాను. నురగ తగ్గాక గొట్టం తీసి ఎయిర్‌లాక్ పెడతాను. గాలి బయటికి పోవాలి, బయటి గాలి లోపలికి రాకూడదు, అంతే కావలసింది.

ఇంకోటి, బుడగలు రావట్లేదని టెన్షన్ పడకు. బకెట్ మూతలు చాలావాటికి అంచు దగ్గర కొద్దిగా లీక్ ఉంటుంది, గ్యాస్ అటు నుంచే పోతుంది, లోపల బీరు హాయిగా పులుస్తూనే ఉంటుంది. హైడ్రోమీటర్ (ద్రవం చిక్కదనం కొలిచే గాజు గొట్టం) పెట్టి చూడు, రెండు మూడు రోజుల తేడాలో అదే రీడింగ్ వస్తే అయిపోయినట్టు.

బకెట్‌కి అసలు శత్రువు గీత. పీచుతో రుద్దినా, స్టీలు గరిటె తగిలినా, లోపల సామాన్లు పెట్టి దాచినా సన్నని గీతలు పడతాయి. ఆ గీతల్లో బ్యాక్టీరియా దాక్కుంటే ఏ శానిటైజరూ పూర్తిగా చేరదు, తర్వాత ఎన్నిసార్లు పెట్టినా అదే పులుపు. మెత్తని స్పాంజి, చెయ్యి, గోరువెచ్చని నీళ్లు, ఇంతే వాడు. వేలు పెట్టి తడిమితే గీత తెలిసిందంటే ఆ బకెట్‌ని ధాన్యం పోసుకోడానికి వాడుకుని కొత్తది కొను, దాని ఖరీదు ఒక్క బ్యాచ్ పారబోసిన నష్టంకంటే తక్కువ.

ఇప్పుడు గాజు. గాజుకి గీత పడదు, వాసన పట్టదు, గాలి చొరబడదు. తేనెతో చేసే మీడ్ లాంటివి నెలల తరబడి ఉంచాలనుకుంటే గాజే మేలు, ఎందుకంటే బకెట్ ప్లాస్టిక్‌లోంచి గాలి కొద్దికొద్దిగా లోపలికి పోతూనే ఉంటుంది. రెండు మూడు వారాల బీరుకి అది లెక్కలోకి రాదు. కానీ నిండిన గాజు కార్బాయ్ (సన్నని మెడ ఉన్న పెద్ద సీసా) పాతిక కిలోలు దాటుతుంది, తడి చేతుల్లో సబ్బులా జారుతుంది. నాది గ్యారేజీలో ఖాళీగా ఉన్నప్పుడే జారింది, పట్టుకోబోయాను, అరచేతికి ఏడు కుట్లు. పడిపోతుంటే వదిలెయ్యాలి గానీ పట్టుకోబోకూడదు. వాడాలనే ఉంటే పాల సీసాలు మోసే ప్లాస్టిక్ క్రేట్‌లో పెట్టి క్రేట్‌ని ఎత్తు, మెడ పట్టుకుని ఎత్తకు, మరిగే నీళ్లు పొయ్యకు. వెలుతురు పడితే హాప్స్ వల్ల బీరు కంపు కొడుతుంది కాబట్టి గాజుని దుప్పటితో కప్పు.

స్టీలు పాత్రలు అన్నిటికంటే మంచివి, 304 రకం అయితే తరాలు వస్తాయి, ఖరీదు మాత్రం ఎక్కువ. బ్లీచ్‌లో నానబెడితే వాటికీ సన్నని గుంతలు పడతాయి, జాగ్రత్త.

డాలస్ ఎండ సంగతి నువ్వే చూస్తున్నావు. ఏల్ అనే రకం బీరుకి వాడే చాలా ఈస్ట్‌లకి 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ బావుంటుంది, పులిసేటప్పుడు లోపల గది కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. మనింట్లో వేసవిలో నీళ్ల కుండకి తడిగుడ్డ చుట్టేవాళ్లు గుర్తుందా? బకెట్‌ని నీళ్ల టబ్‌లో పెట్టి పాత టీషర్టు తడిపి తొడుగు, చిన్న ఫ్యాన్ పెట్టు, ఆ కుండ పనే జరుగుతుంది.

ప్రశ్న: కొంబుచా, అదే పులియబెట్టిన తీపి టీ, ఇంట్లో చేసుకుంటున్నాను. మా అత్తగారి పాత పింగాణీ జాడీ ఉంది, రాగి బిందె కూడా ఉంది, ఆరోగ్యానికి మంచిదంటారు కదా. ఏది వాడాలి? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: రెండూ వద్దండీ. కొంబుచా పుల్లటిది, రాగిని కరిగిస్తుంది. రాగిలో మంచినీళ్లు పెట్టుకోవడం వేరు, పులుపు వారం రోజులుంచడం వేరు. ఇత్తడీ అంతే.

జాడీ దగ్గర కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అత్తగారి జాడీ అంటే మనసొప్పదు. పాత జాడీల పై పూతలో సీసం ఉండొచ్చు, ఉందో లేదో కంటితో చూసి చెప్పలేం. పులుపుకి ఆ సీసం కొద్దికొద్దిగా దిగుతుంది. సెరామిక్ కుండలో చేసిన కొంబుచా తాగి సీసం ఒంటికి పట్టిన కేసు 1998లో ఆస్ట్రేలియా వైద్య పత్రికలో వచ్చింది. పూత మీద సాలెగూడు లాంటి పగుళ్లు కనిపిస్తే ఊరగాయకి కూడా వాడకండి. ఆ జాడీని షోకేసులో పెట్టుకోండి, అందంగా ఉంటుంది.

మూడు నాలుగు లీటర్ల గాజు సీసా, వెడల్పు మూతిది తీసుకోండి. కుళాయి ఉన్న సీసాలు కొనేటప్పుడు చూసుకోవాలి, మెరిసే పూత వేసిన లోహపు కుళాయి లోపలి వైపుని పులుపు తినేస్తుంది. మూతకి బదులు వాసెన కట్టండి, దోమతెర లాంటి గుడ్డ కాదు, నేత దగ్గరగా ఉన్న పాత కాటన్ చీర ముక్క. దోమతెర సందుల్లోంచి చిన్న ఈగలు దూరి గుడ్లు పెడతాయి, తర్వాత మొత్తం పారబొయ్యాల్సిందే.

గ్యాస్ కోసం రెండోసారి సీసాల్లో బిగిస్తారు కదా, అక్కడ ఇంకా జాగ్రత్త. పలకలుగా ఉన్న జ్యూస్ సీసాలు ఒత్తిడికి పగులుతాయి. గుండ్రంగా, మందంగా, సోడా కోసం చేసినవే వాడండి. ప్రతి బ్యాచ్‌లో ఒక్క సీసా మాత్రం కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసా పెట్టండి. రోజూ పొద్దున్న దాన్ని నొక్కి చూడండి, రాయిలా గట్టిపడగానే అన్నీ ఫ్రిజ్‌లోకి. హైదరాబాద్ మే నెలలో రెండు రోజులు కూడా పట్టకపోవచ్చు.

ప్రశ్న: మా ఊళ్లో ఇంట్లో బీరు చేద్దామనుకుంటున్నాను. 50 లీటర్ల ఫుడ్ గ్రేడ్ డ్రమ్ము ఎక్కడ దొరుకుతుంది? (గుంటూరు నుంచి)

జవాబు: డ్రమ్ము దొరుకుతుంది గానీ ఆ పని చెయ్యకండి. ఆంధ్రప్రదేశ్ 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చెయ్యడం నేరం. అమెరికాలో 1978లో వచ్చిన చట్టం ఇంటి బీరుకి దారి ఇచ్చింది, పెద్దవాళ్లు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు, ఒక్కరే ఉంటే 100, అమ్మకూడదు. ఇంట్లో సారా కాయడానికి మాత్రం ఆ చట్టం దారి ఇవ్వలేదు. మీరు కొంబుచాతో మొదలుపెట్టండి, పైన రాసిన సీసా సరిపోతుంది.

ప్రశ్న: మా అమ్మమ్మ అన్నం, గంజి పులియబెట్టి తరవాణి చేసే కుండ పగిలిపోయింది. కొత్త కుండలో పెడితే ఆ రుచి రావట్లేదు. కుండలో తేడానా, నా చేతిలోనా? (ఒక పాఠకురాలు, అమలాపురం)

జవాబు: కుండలోనే అమ్మా, మీ చేతిలో కాదు. మట్టికి సన్నని రంధ్రాలుంటాయి, పులిసినదంతా అందులో నిలవుంటుంది. బకెట్‌లో గీత చెడ్డదన్నాను కదా, తరవాణికి ఆ గుణమే కావాలి. బీరు చేసేవాడికి తను వేసిన ఈస్ట్ ఒక్కటే ఉండాలి, తరవాణికి నిన్నటిదే ఇవాళ్టికి తోడు. తాటిచెట్టు మీద కట్టే లొట్టిలో కల్లు చెట్టు మీదుండగానే పొంగడం మొదలవుతుందే, వాడిన లొట్టిలో మిగిలినది కూడా అందుకు తోడవుతుంది. పులవకుండా నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు.

మా అమ్మమ్మ కుండ వంటింటి మూల గడ్డి కుదురు మీద ఉండేది, నల్లగా, అడుగున పొట్ట దగ్గర చెమట పట్టినట్టు తడిగా. సబ్బు ఎప్పుడూ తగలనిచ్చేది కాదు.

కొత్త కుండని రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. మర్నాడు పల్చటి గంజి పోసి సన్నసెగ మీద మరిగించి చల్లారాక పారబొయ్యండి. రెండు మూడు రోజులు అలా చేసి, తర్వాత తెలిసినవాళ్లింటి తరవాణి ఒక గ్లాసు తెచ్చి తోడు వెయ్యండి. కడిగేటప్పుడు వేడినీళ్లు, కొబ్బరి పీచు, ఎండ, ఇవి చాలు. సబ్బు మట్టిలోకి ఇంకితే ఇక పోదు. రంగు వేసినవి, మెరుపు పూత వేసినవి కొనకండి. రుచి కుదరడానికి నెల పడుతుంది, ఈలోపు తెల్లగా పలచని పొర కడితే తీసేసి వాడుకోవచ్చు, నల్లటి లేదా రంగురంగుల బూజు వస్తే మాత్రం కుండతో సహా పారేసి మళ్లీ మొదలుపెట్టండి. ఆ కుండలో వేరే ఏమీ, మజ్జిగ కూడా, పొయ్యకండి.