లైసెన్స్ ఫైల్ ఒక్కటి పెడితే సరిపోదు

మీ ప్రోగ్రామ్‌లో పన్నెండు ఫైళ్లు ఉన్నాయి, దాన్ని జీపీఎల్ (ఎవరైనా కోడ్‌ను వాడి, మార్చి, అదే షరతులతో పంచుకోవచ్చని చెప్పే లైసెన్స్) కింద విడుదల చేయాలనుకుంటున్నారు. ఆ లైసెన్స్ ఫైల్ తెచ్చి ఫోల్డర్‌లో వేస్తే చాలా, తర్వాత మనసు మారితే ఎలా అని అడిగారు. ఫైల్ వేస్తే చాలదు, ఇంకో అరగంట పని ఉంటుంది. ఆ అరగంట నేను పెట్టలేదు. దాన్ని సరిచేసుకోవడానికి తర్వాత రెండు నెలలు పట్టింది, అందుకే వివరంగా రాస్తున్నాను.

నాది చిన్న ప్రోగ్రామ్. ఫొటోలకు, అవి తీసిన తేదీని బట్టి పేర్లు మార్చి ఫోల్డర్లలో సర్దుతుంది. కోడ్ ఆన్‌లైన్‌లో పెట్టేశాను, లైసెన్స్ ఊసే ఎత్తలేదు. అందరికీ కనిపిస్తోంది కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చనే నా నమ్మకం. ఉన్నది దానికి పూర్తిగా తలకిందులు. బెర్న్ ఒప్పందంలో (దేశాల మధ్య ఉన్న కాపీరైట్ ఒప్పందం) ఉన్న దేశాల్లో కోడ్ రాయగానే కాపీరైట్ దానంతట అదే వస్తుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మనం అనుమతి ఇవ్వనంతవరకు దాన్ని మార్చి పంచే హక్కు ఇంకెవరికీ ఉండదు. ఒక లినక్స్ డిస్ట్రోకి (లినక్స్‌తో పాటు ప్రోగ్రాములను కలిపి ఇచ్చే సిస్టమ్‌కి) ప్యాకేజీలు చేసే ఆయన "మీ ప్రోగ్రామ్ చేర్చాలని ఉందండీ, కానీ లైసెన్స్ లేదు కదా" అని మెయిల్ రాసేదాకా నాకు ఆ సంగతి తెలియలేదు.

హడావిడిగా రీడ్‌మీలో (ప్రోగ్రామ్ గురించి చెప్పే ఫైల్‌లో) "లైసెన్స్: జీపీఎల్" అని ఒక లైన్ రాశాను. అదీ తప్పే. ఏ జీపీఎల్? రెండో వెర్షన్ 1991లో వచ్చింది, మూడోది 2007లో. నంబర్ చెప్పకపోతే, జీపీఎల్‌ను రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ప్రచురించిన వాటిలో ఏ వెర్షన్‌నైనా ఎంచుకోవచ్చని లైసెన్స్‌లోనే రాసి ఉంది. నేనేమో అపాచీ 2.0 లైసెన్స్ ఉన్న లైబ్రరీ ఒకటి వాడుతున్నాను. అది జీపీఎల్ మూడుతో కలుస్తుంది (అంటే రెండు కోడ్‌లనూ ఒకే ప్రోగ్రామ్‌గా పంచుకోవచ్చు), రెండుతో కలవదని ఆ ఫౌండేషనే చెబుతుంది. ఏ వెర్షనో తేల్చని నా ఒక్క లైన్ వల్ల ఆ ప్యాకేజీ పని మళ్లీ ఆగింది.

ఈలోగా ఇంకొకరు తేదీలు చదివే ఫైల్ ఒక్కటే తీసుకెళ్లి తమ ప్రాజెక్ట్‌లో వేసుకున్నారు. అందులో నా పేరు లేదు, లైసెన్స్ మాట లేదు. వాళ్ల దగ్గర్నుంచి తీసుకున్నవాళ్లకు అది ఎవరిదో తెలిసే దారే లేదు. రీడ్‌మీ నా ఫోల్డర్‌లోనే ఉండిపోయింది, ఫైల్ మాత్రం ఊరేగింది. ప్రతి ఫైల్‌లోనూ నోటీసు ఎందుకు పెట్టాలో నాకు అప్పుడు అర్థమైంది.

కాబట్టి ముందు జీపీఎల్ పూర్తి పాఠాన్ని "కాపీయింగ్" (COPYING) అనే పేరుతో ఫోల్డర్‌లో పెట్టండి. అందులో ఒక్క అక్షరం కూడా మార్చకండి. అనువాదం పక్కన పెట్టుకోవచ్చు గానీ చట్టపరంగా చెల్లేది ఇంగ్లీషు మూలమే. తర్వాత ప్రతి సోర్స్ ఫైల్ మొదట్లో కామెంట్‌గా కాపీరైట్ అన్న మాట, సంవత్సరం, మీ పేరు రాయండి. దాని కిందే నోటీసు. అందులో ఉండాల్సినవి: ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని, జీపీఎల్ మూడో వెర్షన్ లేదా తీసుకున్నవాళ్ల ఇష్టాన్ని బట్టి ఆ తర్వాతి ఏ వెర్షన్ కిందైనా పంచుకోవచ్చని, ఏ వారంటీ లేదని, లైసెన్స్ కాపీ ఎక్కడ దొరుకుతుందో. ఇదంతా సొంతంగా రాయనక్కర్లేదు, లైసెన్స్ పాఠం చివర్లోనే నమూనా ఉంటుంది. "ఆ తర్వాతి ఏ వెర్షన్ అయినా" అన్న ముక్క కావాలో వద్దో మాత్రం మీరే తేల్చుకోవాలి. నేను ఉంచాను, రేపు కొత్త వెర్షన్ వస్తే ఇబ్బంది ఉండదని. లినక్స్ కెర్నల్ (లినక్స్ సిస్టమ్‌కు గుండె లాంటి ప్రోగ్రామ్) మాత్రం రెండో వెర్షన్ ఒక్కదానికే కట్టుబడింది. ఎస్‌పీడీఎక్స్ గుర్తు (లైసెన్స్ పేరును ఒకే పద్ధతిలో చిన్నగా రాసే విధానం) ఒక లైన్ చేరిస్తే లైసెన్సులు వెతికే టూల్స్ కూడా గుర్తుపడతాయి.

నాకు అసలు టెన్షన్ పెట్టింది ఇవేవీ కాదు. అప్పటికే ముగ్గురు కోడ్ పంపారు, నేను కలిపేశాను. ఎవరు రాసిన ముక్కకు కాపీరైట్ వాళ్లదే. లైసెన్స్ లేని రోజుల్లో వచ్చిన కోడ్‌కి నేనొక్కడినే లైసెన్స్ తగిలించలేను. ఇద్దరు వెంటనే ఒప్పుకున్నారు. మూడో ఆయనకు రాసిన మెయిల్స్ అన్నీ తిరిగొచ్చాయి. ఆయన పంపిన దాదాపు రెండు వందల లైన్లు తీసేసి, ఆ కోడ్ చూడకుండా మొదటి నుంచి రాశాను. బాగా పనిచేస్తున్న కోడ్‌ని, అదీ ఎవరో అభిమానంగా పంపినదాన్ని తీసేస్తుంటే చాలా బాధేసింది. బయటివాళ్ల మొదటి ప్యాచ్ (వాళ్లు పంపే కోడ్ మార్పు) కలపకముందే ఈ లైసెన్స్ పని పూర్తి చేయండి.

ఉద్యోగంలో ఉన్నారా? అయితే అగ్రిమెంట్ ఒకసారి చదవండి. మీరు రాసిన కోడ్ మీద కంపెనీకి హక్కు ఉండే అవకాశం ఉంటే, ఆ హక్కు వదులుకుంటున్నట్టు వాళ్ల దగ్గర రాయించుకున్నాకే విడుదల చేయండి.

మనసు మారితే అన్నారు కదా. కోడ్ అంతా మీదే అయితే వచ్చే వెర్షన్‌ను వేరే లైసెన్స్‌తో ఇవ్వచ్చు. ఇప్పటికే జీపీఎల్ కింద ఇచ్చిన కాపీల మీద మాత్రం ఆ హక్కుల్ని వెనక్కి తీసుకోలేరు. డబ్బుకు అమ్ముకోవడానికి జీపీఎల్ అడ్డు కాదు. మీది సర్వర్‌లో నడిచే ప్రోగ్రామ్ అయితే ఏజీపీఎల్ కూడా చూడండి. మార్చిన ప్రోగ్రామ్‌ని నెట్‌వర్క్ ద్వారా నడిపేవాళ్లు దాని వాడకందారులకు సోర్స్ అందుబాటులో ఉంచాలని అది అడుగుతుంది.

మీ పన్నెండు ఫైళ్లలో వేరే చోటి నుంచి తెచ్చిన కోడ్ ఏమైనా ఉంటే, అది ఏ లైసెన్స్‌తో వచ్చిందో రాయండి. జీపీఎల్ మూడుతో కలుస్తుందో లేదో కలిసి చూద్దాం.