నల్గొండలో ఎర్రజెండా ఎటు పోయింది?

"కమ్యూనిస్టుల కోట అనిపించుకున్న నల్గొండ జిల్లాలో ఇప్పుడు వాళ్లకు ఒక్క ఎమ్మెల్యే కూడా ఎందుకు లేడు? జనం ఎప్పుడు మారారు?" అని అడిగారు. మాది నకిరేకల్ వైపు పల్లె. మా ఇంట్లోనే మూడు తరాల ఓట్లు చూశాను కాబట్టి చెప్తున్నా.

1952లో కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డి నల్గొండ ఎంపీగా గెలిచినప్పుడు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. అవి వెట్టి చేసినవాళ్ల ఓట్లు, సాయుధ పోరాటం చూసినవాళ్ల ఓట్లు. మా తాత చివరిదాకా కమ్యూనిస్టు పార్టీని పార్టీ అనలేదు, "సంగం" అనే అనేవాడు. మా నాయిన నాటికి ఆ పోరాటం విన్న కథ అయిపోయింది. అయినా కమ్యూనిస్టు నేత నర్రా రాఘవరెడ్డి నకిరేకల్ నుంచి ఆరుసార్లు గెలిచారు. ఊళ్లో గెట్టు పంచాయితీ వచ్చినా జనం ముందు పార్టీ ఆఫీసుకే పోయేవారు.

నా లెక్కలో దెబ్బ కొట్టింది పొత్తులు. 2004లో కాంగ్రెస్‌తో, 2009లో టీడీపీతో. నేనప్పుడు కుర్ర కార్యకర్తను. మొదటిసారి పక్క నియోజకవర్గానికి పోయి చెయ్యి గుర్తుకు ఓటడిగాం, ఐదేళ్లకు అవే ఊళ్లలో గోడల మీద సైకిల్ బొమ్మ వేశాం. ఒక ముసలమ్మ "మరి మన గుర్తు ఎప్పుడొస్తది బిడ్డా?" అంది. నా దగ్గర జవాబు లేదు. పొత్తు లెక్కల్లో సీటు రావచ్చు, కానీ ఒకసారి వేరే గుర్తుకు అలవాటుపడ్డ ఓటు తిరిగి రాదు.

దానికి తోడు 2009 నాటికి నియోజకవర్గాల పునర్విభజన జరిగి నకిరేకల్ ఎస్సీ రిజర్వుడు అయింది. అంతకుముందు అక్కడ రెండుసార్లు గెలిచిన కమ్యూనిస్టు నేత నోముల నర్సింహయ్య 2014లో టీఆర్ఎస్‌లో చేరారు, 2018లో నాగార్జునసాగర్‌లో గెలిచారు. ఆయన పార్టీ మారాక మా ఊరి కమిటీలో సగం మంది గులాబీ కండువా కప్పుకున్నారు. నాకు కోపం వచ్చింది గానీ, వాళ్లను తప్పుపట్టలేకపోయాను. తెలంగాణ ఉద్యమం ఊరంతా నిండి ఉంది మరి.

తర్వాతి సంగతి మీకు తెలిసిందే. ఉమ్మడి జిల్లాలోని 12 సీట్లలో 2018లో టీఆర్ఎస్‌కు 9 వచ్చాయి. 2023లో కాంగ్రెస్‌కు 11, బీఆర్ఎస్‌కు మిగిలింది సూర్యాపేట ఒక్కటే. దీన్ని చూసి "ఇక్కడ పార్టీ లేదు, మనిషిని బట్టే ఓటు" అంటారు. నేనైతే పూర్తిగా ఒప్పుకోను. మునుగోడు చూడండి. కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి 2018లో కాంగ్రెస్ నుంచి గెలిచారు, 2022 ఉప ఎన్నికలో బీజేపీ నుంచి ఓడారు, 2023లో కాంగ్రెస్‌కు తిరిగొచ్చి మళ్లీ గెలిచారు. మనిషి అదే, ఊళ్లు అవే. ఆ ఉప ఎన్నికలో కమ్యూనిస్టులు టీఆర్ఎస్‌కు మద్దతిచ్చారు, అంటే మళ్లీ పరాయి గుర్తే.

మా నాయిన పంచాయతీ ఎన్నికల్లో ఇప్పటికీ సంగం మనిషికే వేస్తాడు. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులుండవు కదా. అసెంబ్లీకి ఎవరికి వేశాడో మాత్రం ఎంత అడిగినా చెప్పడు.