హేవ్‌లాకా, నీలా? పోర్ట్‌బ్లెయిర్ నుంచి మేనకోడలికి ఒక ఉత్తరం

చి. సౌ. సుధకు మామయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకి అందరూ కలిసి అండమాన్ వస్తున్నారని తెలిసి అత్తయ్యా నేనూ చాలా సంతోషించాం. "హేవ్‌లాక్ వెళ్ళాలా, నీల్ వెళ్ళాలా, ఒక్క ముక్కలో చెప్పు మామయ్యా" అని అడిగావు. ఇక్కడి ఈ రెండు దీవుల్లో, ఒక్క ముక్కలో అయితే హేవ్‌లాక్. ఎందుకో ఫోన్‌లో టైపు చేసే ఓపిక నాకు లేదు. కాగితం మీద రాసి, అత్తయ్యతో ఫోటోలు తీయించి పంపుతున్నాను. తీరిగ్గా చదువుకో.

నా జవాబు నీకు వింతగా ఉండొచ్చు. ఇక్కడ ఎవరినడిగినా ఒకటే పాఠం అప్పజెబుతారు: కుర్రాళ్ళయితే హేవ్‌లాక్, పెద్దవాళ్ళూ పిల్లలూ ఉంటే నీల్. నీల్ చిన్నది, ప్రశాంతం, ఏ మూలకైనా ఆటోలో పది పదిహేను నిమిషాలు. అది నిజమే. కానీ నేను పడవలు ఎక్కే జెట్టీలో టికెట్ కౌంటర్ దగ్గర కూర్చుని రిటైరైనవాణ్ణి. వెళ్ళేటప్పటి మొహాలూ, తిరిగొచ్చేటప్పటి మొహాలూ రెండూ చూసే ఉద్యోగం అది. ముసలివాళ్ళనీ చంటిపిల్లల్నీ తీసుకుని నీల్ వెళ్ళినవాళ్ళు, "అంతా రాళ్ళేనండీ, నీళ్ళలో దిగనే లేదు" అంటూ దిగాలుగా దిగడం ఎన్నోసార్లు చూశాను. తప్పు ఆ దీవిది కాదు. వాళ్ళు వెళ్ళిన వేళ అలాంటిది.

ముందు పేర్ల సంగతి చెప్పేస్తాను, లేకపోతే టికెట్ చూసి కంగారు పడతావు. 2018 డిసెంబర్ 30న హేవ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ని షహీద్ ద్వీప్ అనీ మార్చారు. 1943లో అదే రోజున నేతాజీ ఇక్కడ జెండా ఎగరేశారు కదా, ఆ 75 ఏళ్ళ సందర్భం. మా పోర్ట్‌బ్లెయిర్ కూడా 2024లో శ్రీ విజయపురం అయింది. నోటికి అలవాటైపోయి మేమింకా పాతపేర్లే అంటున్నాం. అలాగని ఆ పాతపేర్ల మీద నాకేం మమకారం లేదు. హేవ్‌లాక్, నీల్ ఇద్దరూ 1857లో సిపాయిల తిరుగుబాటుని అణిచిన బ్రిటిష్ సేనాధిపతులే. ఆ నీల్ అయితే అలహాబాదులో, కాన్పూరులో చేసింది మామూలు దారుణం కాదు.

ఇక అసలు విషయం. నీల్ చుట్టూ చాలావరకు పగడపు దిబ్బ ఉంటుంది. పోటు మీద ఉన్నప్పుడు నీళ్ళు ఒడ్డుదాకా వచ్చి, నువ్వు ఫోటోల్లో చూసే పచ్చనీలం రంగుతో మెరుస్తాయి. పాటు వేళకి అవే నీళ్ళు ఎక్కడికో వెళ్ళిపోతాయి. ఒడ్డున చచ్చిన పగడాల రాళ్ళూ, నాచూ, చిన్న చిన్న గుంటలూ మిగులుతాయి. చెప్పులు లేకుండా నడిస్తే పాదాలు కోసుకుపోతాయి. భరత్‌పూర్ బీచ్‌లోనూ ఇంతే, లక్ష్మణ్‌పూర్‌లోనూ ఇంతే. సీతాపూర్ వైపు రాళ్ళతోపాటు అలల ఊపు కూడా ఎక్కువ. అందరూ ఫోటోలు దిగే, సహజంగా ఏర్పడ్డ ఆ రాతి వంతెన ఉందే, దాని దాకా వెళ్ళాలంటే పాటులోనే వెళ్ళాలి, అదీ జారుడు రాళ్ళ మీద నడుచుకుంటూ. మోకాళ్ళ నొప్పులున్న మీ అత్తగారిని అక్కడికి తీసుకెళ్ళే మాట కలలో కూడా అనుకోవద్దు.

ఆటుపోట్లు రోజుకి రెండేసిసార్లు వస్తాయి. ప్రతిరోజూ ముందురోజు కంటే యాభై నిమిషాలు, అటూ ఇటూగా, ఆలస్యమవుతాయి. అమావాస్యకీ పౌర్ణమికీ దగ్గర్లో నీళ్ళు బాగా పైకొచ్చి బాగా కిందికి పోతాయి. ఇక్కడ ఆ తేడా దాదాపు రెండు మీటర్ల దాకా ఉంటుంది. అష్టమి దాటాక ఒకటి రెండు రోజులు తేడా తక్కువ. బారువలోనో కళింగపట్నంలోనో పుట్టి ఉంటే నీకు ఇదంతా చెప్పక్కర్లేకపోయేది. హైదరాబాద్ పిల్లవి కదా, అందుకే చెబుతున్నాను. నీల్ వెళ్ళేవాళ్ళు హోటల్ కంటే ముందు పంచాంగం చూడాలి. మీరేమో సెలవుల్ని బట్టి వస్తున్నారు, తిథిని బట్టి కాదు. ఉండే ఆ రెండు పగళ్ళలో మీకు తీరికైన వేళే పోటు ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు?

హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచ్‌కి ఈ గొడవ లేదు. అడుగున పగడం లేదు, అంతా మెత్తని ఇసకే. పడమటి వైపు చూస్తూ రెండు కిలోమీటర్ల పొడవున, వాలు తక్కువగా ఉంటుంది. పోటైనా పాటైనా దిగొచ్చు. నీళ్ళు వెనక్కి వెళితే ఇంకాస్త దూరం నడవాలి, అంతే. మనవడు మోకాళ్ళ లోతులో గంటలకొద్దీ ఆడుకోవచ్చు. వెనకాల ఎత్తైన సముద్రపు మహువా చెట్ల అడవి ఉంది. ఆ నీడలో మీ అత్తగారు కూర్చుంటే మీరందరూ ఆవిడ కళ్ళముందే ఉంటారు. బట్టలు మార్చుకునే గదులున్నాయి, లైఫ్‌గార్డులుంటారు. 2020లో మన రుషికొండకి బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చినప్పుడే దీనికీ వచ్చింది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మంచి బీచ్ అని రాసిందని ప్రతి ఆటోవాడూ నీకు చెబుతాడు. ఆ మాట పాతబడింది కానీ బీచ్ పాతబడలేదు.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. లైఫ్‌గార్డు ఈల వేస్తే వెంటనే బయటికి రావాలి. జెండాలు పాతిన హద్దు దాటొద్దు. మా నీళ్ళలో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. 2010లో రాధానగర్ పక్కనే ఉన్న నీల్స్ కోవ్‌లో ఒక అమెరికా అమ్మాయిని మొసలి పొట్టనబెట్టుకుంది. పేరు చూసి అది నీల్ దీవిలో ఉందనుకునేవు, హేవ్‌లాక్‌లోనే. మొసళ్ళకి మడ అడవులూ, వాగు సముద్రంలో కలిసే చోట్లూ ఇష్టం. జనం లేని మూల అందంగా ఉంది కదా అని అటువైపు పోవద్దు. మీ అత్తగారికి ఈ పేరా చదివి వినిపించకు, పాపం ఆవిడ అసలు రానంటారు.

బస దగ్గర కూడా ఒక కిటుకుంది. హోటళ్ళు ఎక్కువగా తూర్పు వైపు, గోవింద్‌నగర్, విజయ్‌నగర్ ఒడ్డున ఉంటాయి. వాటిని మూడో నంబరు, ఐదో నంబరు అంటారు. రాధానగర్ ఏడో నంబరు. ఆ తూర్పు ఒడ్డున కూడా పాటు వేళ రాళ్ళు తేలతాయి. కాబట్టి గదిలోంచి నేరుగా సముద్రంలో దిగొచ్చని చెప్పి ఎక్కువ డబ్బు గుంజితే ఇవ్వొద్దు. సూర్యోదయం చూడ్డానికి కావాలంటే సరే. మూడో నంబరు బజారుకి దగ్గర్లో గది తీసుకుంటే తిండికి ఇబ్బంది ఉండదు, ఇడ్లీ దోశెలు కూడా దొరుకుతాయి. మిగతాదంతా బెంగాలీ వంటే. రెండు దీవుల్లోనూ తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే ఎక్కువ, చేపల పులుసు వాళ్ళ చేతికే వదిలెయ్యాలి. అక్కడ నుంచి రాధానగర్ ఓ పన్నెండు కిలోమీటర్లు. కారు మాట్లాడుకోండి, ఆటో కుదుపులు మోకాళ్ళకి పడవు.

అల్లుడుగారు స్కూబా, అదే గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళ అడుగుకి దిగడం, అడిగారట. అది కూడా హేవ్‌లాక్‌లోనే ఎక్కువ. ఈత రాకపోయినా ఫర్వాలేదు, మొదటిసారి దిగేవాళ్ళని నెమో రీఫ్ అనే పగడపు దిబ్బ దగ్గర ఒడ్డు నుంచే మెల్లగా తీసుకెళతారు, పక్కనే ఒక మనిషి పట్టుకుని ఉంటాడు. ముందు ఒక ఫారం నింపమంటారు. బీపీ, ఉబ్బసం, గుండె, చెవి, ఏదున్నా దాచకుండా రాయమను. డబ్బు కట్టాం కదా అని అబద్ధం రాసే చోటు కాదది. జలుబు చేస్తే మానుకోవాలి. డైవింగ్ అయ్యాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఎడం ఉంచాలి, అందుకని వెళ్ళిన మర్నాడే ఆ పని కానిచ్చెయ్యండి. పిల్లవాడికి పదేళ్ళు నిండితే గానీ దింపరు, వాడు ఏడుస్తాడని ఇప్పుడే చెబుతున్నాను. రంగుల విషయంలో ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దు. 2010లో నీళ్ళు వేడెక్కి ఇక్కడి పగడాలు చాలావరకు తెల్లబారిపోయాయి. చేపలు మాత్రం కన్నులపండుగే.

హేవ్‌లాక్‌లోనే ఉన్న ఎలిఫెంట్ బీచ్‌కి పడవలో తీసుకెళతారు. జనం, గోల, నీటి స్కూటర్లు. మనవడి సరదా కోసం ఒక పూట వెళ్ళిరండి, మీ అత్తగారిని గదిలోనే పడుకోనివ్వండి. కాలాపత్తర్ బీచ్‌లో పొద్దున్నే కాసేపు నిలబడి చూసి వచ్చేయడమే, ఈతకి పనికిరాదు.

నీల్ అంటే నాకు చులకన అనుకునేవు. నాకైతే అదే ఇష్టం. ఊళ్ళ పేర్లు విన్నావా? రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. 2011 లెక్కల్లో మూడువేల చిల్లర జనం. పోర్ట్‌బ్లెయిర్ బజారుకి కూరగాయలు పంపేది వాళ్ళే. చివరి పడవ వెళ్ళిపోయాక కొబ్బరితోటల మధ్య రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ పోతే ఎదురొచ్చేవాళ్ళే ఉండరు. నేను పైన తిట్టిన ఆ పాటు వేళే, తీరిక ఉన్నవాడికి పండుగ. నీళ్ళు వెళ్ళిపోయిన గుంటల్లోకి వంగి చూస్తే సముద్రపు దోసకాయలనే జీవులు, రంగురంగుల చిన్నచేపలు, అదృష్టం బావుంటే రాయి కింద ఆక్టోపస్. గట్టి చెప్పులు వేసుకుని, ఎక్కడ అడుగేస్తున్నామో చూసుకుంటూ తిరగాలి. అది మీ ఇద్దరే, పిల్లాణ్ణి అమ్మ దగ్గర వదిలి, ఫిబ్రవరిలోనో మార్చిలోనో వచ్చినప్పుడు. అప్పుడు మూడు రాత్రులు నీల్‌లోనే ఉండండి, హేవ్‌లాక్ పేరెత్తొద్దు.

రెండూ చూసేద్దామనే ఆలోచన ఇప్పుడు మానెయ్యండి. టూర్ల వాళ్ళు హేవ్‌లాక్ నుంచి వస్తూ నీల్‌లో ఒక పూట కలిపి ఇస్తారు. సామాను సర్దడం, జెట్టీకి గంట ముందు చేరడం, లైన్లో నిలబడటం, పడవ, మళ్ళీ సామాను. చివరికి రెండు దీవుల కంటే మూడు జెట్టీలే బాగా గుర్తుంటాయి. మీకున్న అయిదు రాత్రుల్లో మొదటిది మా ఇంట్లో, మూడు హేవ్‌లాక్‌లో, చివరిది మళ్ళీ మా ఇంట్లో.

ఆ చివరి రాత్రి విషయంలో నేను ఖచ్చితం. విమానం మధ్యాహ్నం కదా, పొద్దున పడవలో వచ్చేద్దాం అంటే ఒప్పుకోను. జనవరిలో సముద్రం సాధారణంగా బుద్ధిగానే ఉంటుంది, కానీ గాలి లేస్తే పడవలు ఆపేస్తారు, అడిగేవాడు ఉండడు. 2016 డిసెంబరులో వాయుగుండం పట్టుకుంటే హేవ్‌లాక్, నీల్ రెండింట్లో కలిపి వెయ్యికి పైగా యాత్రికులు చిక్కుకుపోయారు. నేవీ ఓడలు వెళ్ళి తీసుకురావాల్సి వచ్చింది.

పడవల్లో రెండు రకాలున్నాయి. ప్రైవేటు పడవలు వేగం, గంటన్నరకి అటూ ఇటూగా చేరుస్తాయి, ఏసీ. తలుపులూ కిటికీలూ బిగించి ఉంటాయి కాబట్టి అల ఎక్కువైతే కడుపులో తిప్పడం కూడా ఎక్కువే. ప్రభుత్వ పడవకి రెండున్నర గంటలు పడుతుంది. డెక్ మీద గాలికి నిలబడొచ్చు, టికెట్ చవక. కానీ అది ముందు మా దీవుల వాళ్ళ ప్రయాణం కోసం, టికెట్లు కూడా కొద్దిరోజుల ముందే ఇస్తారు. పండగ రద్దీలో దాన్ని నమ్ముకోకుండా వెళ్ళడానికీ రావడానికీ ప్రైవేటులో ఇప్పుడే బుక్ చెయ్యి. మధ్యలో, కింది అంతస్తులో సీట్లు అడుగు, ఊపు తక్కువ. వాంతుల మాత్ర బయల్దేరడానికి అరగంట ముందు వెయ్యాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే ఆ మాత్రే బయటికొస్తుంది. ఆధార్ కార్డులు అందరివీ, పిల్లాడిది కూడా, చేతిసంచిలో ఉంచుకోండి.

ఇక్కడ జనవరిలో అయిదుంబావుకి పొద్దు వాలిపోతుంది. హైదరాబాద్ అలవాటు ప్రకారం నాలుగింటికి టీ తాగి బయల్దేరితే రాధానగర్ చేరిన కాసేపటికే చీకటి. మూడింటికల్లా ఇసకలో ఉండాలి. సాయంత్రం ఇసక పురుగులు కుడతాయి, కంటికి కూడా కనపడవు, రెండు రోజులు దురద పెడుతుంది. కాళ్ళకి కొబ్బరినూనె దట్టంగా రాసుకుని, ఒట్టి ఇసక మీద కాకుండా చాప మీద కూర్చోండి. మనవడు గవ్వలూ పగడపు ముక్కలూ జేబులో వేసుకుంటాడు, బయల్దేరే ముందు జేబులు దులుపు. పగడాలకి వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది, విమానాశ్రయంలో సంచులు వెతికి తీసేసుకుంటారు, కేసు కూడా కావచ్చు. నగదు ఇక్కడి నుంచే తీసుకెళ్ళండి. ఫోను సంగతంటావా, 2020లో చెన్నై నుంచి సముద్రం కింద వేసిన కేబుల్ హేవ్‌లాక్ దాకా వచ్చింది కాబట్టి అల్లుడుగారి ఆఫీసు వాళ్ళు వదలకపోయినా ఎలాగో నెట్టుకురావచ్చు.

మీ అత్తగారికి భాష బెంగ ఉందన్నావు. 2011 జనాభా లెక్కల ప్రకారమే ఈ దీవుల్లో వందమందిలో పదమూడుమంది తెలుగువాళ్ళు. జంగ్లీఘాట్ చేపల రేవుకి తీసుకెళతాను, శ్రీకాకుళం యాస వినీ వినీ ఆవిడకే విసుగు రావాలి.

టికెట్లు తీసుకోగానే తేదీలు పంపు. ఏ రోజు ఏ వేళకి పోటో చూసి, పిల్లవాణ్ణి ఎప్పుడు ఎక్కడ దింపాలో రాసిస్తాను. అత్తయ్య అడుగుతోంది, మీ అత్తగారు ఎండుచేపలు తింటారా, వాసనే పడదా?

ఇట్లు,
మీ మామయ్య