అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ రాజు పక్షాన పోరాడిన అమెరికన్లు ఉన్నారా?

ఉన్నారు, వేల సంఖ్యలోనే. వారిని లాయలిస్టులు అంటారు. కారణం అందరికీ ఒకటి కాదు. రాజుపై విధేయతతో కొందరు, తిరుగుబాటుదారుల వేధింపులు భరించలేక కొందరు తుపాకి పట్టారు. బానిసలకైతే అది విముక్తి మార్గం: తిరుగుబాటుదారుల బానిసలు తన సైన్యంలో చేరితే స్వేచ్ఛ ఇస్తానని వర్జీనియాలో రాజు తరఫు గవర్నర్ డన్‌మోర్ 1775లో ప్రకటించాడు. 1780 అక్టోబరు 7న కింగ్స్ మౌంటెన్ పోరులో రాజు పక్షాన నిలిచిన సుమారు వెయ్యి మందీ దాదాపుగా అమెరికన్లే; సేనాని ఫెర్గూసన్ మాత్రం బ్రిటన్ నుంచి వచ్చినవాడు. మనిషిని చూసి ఏ పక్షమో చెప్పలేని పరిస్థితి! అందుకే లాయలిస్టులు టోపీల్లో పైన్ రెమ్మలు, తిరుగుబాటుదారులు కాగితం ముక్కలు గుచ్చుకున్నారు. లాయలిస్టులంటే ధనికులు, అధికారులేనన్నది అపోహ. వారిలో సాధారణ రైతులు, చేతిపనివారు ఎందరో.